సారు వచ్చేదాకా ఉంటాలే

నా మొదటి ఉద్యోగం సూళ్లూరుపేటలో ఒక చిన్న ప్రైవేటు ఆసుపత్రిలో. మేడమీద డయాలిసిస్ గది. ఎనిమిది మంచాలు, ఎనిమిది మిషన్లు, రైలు పట్టాల వైపు రెండు కిటికీలు. కిడ్నీలు పాడైపోయినవాళ్లు వారానికి మూడుసార్లు వచ్చి, నాలుగేసి గంటలు ఆ మంచాల మీద పడుకుని, రక్తాన్ని మిషన్‌తో శుభ్రం చేయించుకుని పోతారు. ఆ పనికి వాళ్ల చేతిలో రెండు సూదులు వెయ్యాలి. మామూలు ఇంజెక్షన్ సూదులు కావు, లావువి. సరిగ్గా పడితే చీమ కుట్టినట్టు ఉంటుందంటారు. తప్పితే చెయ్యి ఉబ్బిపోతుంది, పది రోజులు నల్లగా కమిలి ఉంటుంది.

ఆ సూదులు వెయ్యడంలో మా సీనియర్ టెక్నీషియన్‌ను మించినవాళ్లు లేరు. యాభై దాటిన మనిషి. సంగం దగ్గర వరి పండించుకునే కుటుంబం. భార్య అక్కడే ఉండేది. ఆయన సూళ్లూరుపేటలో గది తీసుకుని ఉండేవాడు, ఆదివారాలు ఇంటికి పోయి వచ్చేవాడు. అందరూ సార్ అనేవాళ్లు, డాక్టరుతో సహా. పొద్దున ఆరింటికి ఆయన చెప్పులు మెట్ల మీద చప్పుడు చేస్తే చాలు, మంచాల మీదివాళ్లు దుప్పట్లోంచి చేతులు బయటికి తీసేవాళ్లు. ఆయన చెయ్యి పట్టుకుని, వాళ్ల ఇంటి సంగతి ఒకటి అడిగి, వాళ్లు జవాబు చెప్పేలోపల సూది వేసేసేవాడు.

నేను నెల్లూరులో డిప్లొమా చదివేటప్పుడే ఆయన గురించి విన్నాను. ఆయన దగ్గర పని దొరికిందని తెలిసిన రోజు మా పల్లెలో ఇంటింటికీ తిరిగి చెప్పుకున్నాను. మాది పులికాట్ ఒడ్డున చిన్న పల్లె. నాయన పడవ మీద చేపలకు పోతాడు. అమ్మ చేపలు శుభ్రం చేసి, ఉప్పు పట్టించి, ఇసుక మీద గోతాలు పరిచి ఎండబెడుతుంది. మా ఇంట్లో పదో తరగతి దాటింది నేను ఒక్కదాన్నే.

చేరిన రోజు సార్ అడిగాడు.

"మీదేవూరు?"

చెప్పాను. నాయన ఏం చేస్తాడో కూడా నేనే చెప్పాను, అడగకముందే.

"అట్టయితే వల వెయ్యాల్సిన పిల్లవి, సూది వేసేదానికి వచ్చినావా?" అన్నాడాయన.

గదిలో అందరూ నవ్వారు. నేను కూడా నవ్వాను. ఆ నవ్వు నవ్వకుండా ఉండాల్సిందని తర్వాత చాలాసార్లు అనుకున్నాను. నేను నవ్వడంతో ఆ మాట అందరికీ చనువైపోయింది. "ఏం పాపా, ఈ పొద్దు రొయ్యలా, మాగ చేపలా?" అని పొద్దున్నే పలకరింపు. ట్యూబులు కడిగి నీళ్లు నింపే పని, బరువులు చూసే పని, దుప్పట్లు మార్చే పని నాకిచ్చారు. సూది మాత్రం ఇవ్వలేదు. చూసి నేర్చుకో అనేవాడు, కానీ నేను దగ్గరకొచ్చి నిలబడితే వెలుతురుకు అడ్డం వస్తున్నావనేవాడు.

మూడో నెలలో ఒక సోమవారం, సార్ కింద డాక్టరు గదిలో ఉన్నప్పుడు, మూడో మంచం మీది రిటైరైన బస్సు కండక్టరుగారు నన్ను పిలిచారు.

"నువ్వు వెయ్యమ్మా. సాయంత్రం పెళ్లికి పోవాల. తొందరగా మొదలుపెడితే తొందరగా లేస్తాను."

నేను చుట్టూ చూడలేదు. సార్‌ను అడిగి వస్తానని అనలేదు. అంత ఆశగా ఉన్నాను ఆ మాట కోసం. గ్లవ్స్ వేసుకున్నాను, చెయ్యి తుడిచాను, సూది పెట్టాను. అది రక్తనాళం ఇవతలి గోడలోంచి అవతలి గోడ దాటి దూసుకుపోయింది. నేను చూస్తూ ఉండగానే ఆయన మోచేతి కింద కోడిగుడ్డంత ఉబ్బు లేచింది.

ఎవరో కేకేస్తే సార్ పరిగెత్తుకుంటూ వచ్చాడు. ముందు ఆయన పని ఆయన చేశాడు. సూది తీసి, అదిమిపెట్టి, ఐసు పెట్టించి, పైభాగంలో వేరేచోట చూసుకుని రెండు సూదులూ వేసి, మిషన్ ఆన్ చేశాడు. అంతసేపూ ఒక్కమాట కూడా పెద్దగా అనలేదు. ఆ తర్వాత గ్లవ్స్ తీసి చెత్తబుట్టలో వేసి, నా వైపు కాదు, మంచాల వైపు తిరిగాడు.

"అందరూ వినండి. చేపలు తోముకునే చెయ్యి ఇది. మనుషుల చెయ్యి పట్టేదానికి పనికిరాదు. ఈ పిల్లకు ఎవరూ చెయ్యి ఇవ్వబాకండి. ఇస్తే మళ్లీ నన్ను పిలవబాకండి."

చెయ్యి ఉబ్బిన కండక్టరుగారే "పోనీలే సారూ, నేనే పిలిచినాను" అన్నారు. ఇంకెవరూ ఏమీ అనలేదు. నేను ఆరో మంచం దగ్గరికి పోయి ట్యూబులో నీళ్లు నింపడం మొదలుపెట్టాను. నిండిపోయి కారుతున్నా నింపుతూనే ఉన్నానని ఆయా వచ్చి కట్టేస్తే తెలిసింది.

ఆ రోజు నుంచి ఎవరూ నాకు చెయ్యి ఇవ్వలేదు. కోపంగా కాదు. "సారు వచ్చేదాకా ఉంటాలేమ్మా" అనేవాళ్లు, ఎంతో మెత్తగా. ఆ మెత్తదనం నాకు సార్ మాటకంటే ఎక్కువ తగిలేది. ఆయన రావడం అరగంట ఆలస్యమైనా చెయ్యి దుప్పటి కింద దాచుకుని, పైకప్పు వైపు చూస్తూ పడుకునేవాళ్లు. నేను సూదుల ట్రే పట్టుకుని వాళ్ల పక్కనే నిలబడి ఉండేదాన్ని.

అప్పుడు నాకొక పిచ్చి పట్టింది. ఎక్కడికి పోయినా చేతులు చూసేదాన్ని. బస్సులో పై కమ్మీ పట్టుకుని నిలబడినవాళ్ల మోచేతుల కింద నరాలు చూసేదాన్ని. ఇది సులభం, ఇది కొంచెం లోపలుంది, దీనికి చిన్న వాలుతో పోవాలి అని మనసులో వేసుకునేదాన్ని. మధ్యాహ్నం సరస్సు నుంచి వచ్చి పంచలో నిద్రపోతున్న నాయన పక్కన కూర్చుని ఆయన ముంజేతి మీద వేళ్లు పెట్టేదాన్ని. తెడ్డు పట్టిన చెయ్యి, నరాలు తాళ్లలా ఉండేవి. "ఏందమ్మా?" అనేవాడు కళ్లు తెరవకుండానే. "ఏం లేదు నాయనా" అనేదాన్ని. చెయ్యి వెనక్కి తీసుకునేవాడు కాదు. ఆ పది నిమిషాలు నాకు ఎంత హాయిగా ఉండేదో చెప్పలేను. ఒక మనిషి తన చేతిని నా చేతిలో అట్లా వదిలేసి నిద్రపోవడం.

ఇంట్లో ఎవరికీ ఏమీ చెప్పలేదు. సార్ అన్నది నా చేతిని కాదు. నా చేతులకు చేపలు తోమిన గుర్తులేమీ లేవు, చదువుకుంటుందని అమ్మ నన్ను కత్తి పట్టనివ్వలేదు. ఆ చెయ్యి అమ్మది. ఆ మాట ఆమెకు ఎట్లా చెప్పను?

ఒక సెలవు రోజు అమ్మతో కూర్చున్నాను. ఆమె బొచ్చెలో చేపలు వేసుకుని పొలుసు తీస్తోంది. నేను ఊరికే ఉండలేక రెండు చేపలు తోమి, లేచి పోయి సబ్బుతో చేతులు కడుక్కున్నాను. వచ్చి కూర్చుని, మళ్లీ లేచి కడుక్కున్నాను.

"ఏందిమే, అన్నిసార్లు కడుగుతుండావు?" అంది అమ్మ.

అప్పుడు చెప్పాను. మొత్తం చెప్పాను, ఆ మాటతో సహా. అమ్మ కత్తి ఆపలేదు. కోపం తెచ్చుకుంటుందనుకున్నాను, శాపనార్థాలు పెడుతుందనుకున్నాను. అదేమీ లేదు.

"నువ్వేమన్నావు?"

"ఏమీ అనలేదు."

"ఎందుకనలేదు?"

"పెద్దాయన కదమ్మా. తప్పు నాదే కదా."

"తప్పు నీదయితే తప్పని చెప్పుకో. చెయ్యి పనికిరాదంటే ఊరుకుంటావా?" ఇంకో చేప తీసుకుంది. "ఆయన కాడ ఉండే పని నీకు కావాల గదా. కావాలని అడుగు. తిట్టబాకు, ఏడవబాకు. అడుగు, అంతే."

నా బాధకంతా ఆమె ఇచ్చిన సమయం రెండు చేపలు శుభ్రం చేసేంత.

మర్నాడు బస్సులో ఏం మాట్లాడాలో కూడబలుక్కున్నాను. మొదటి షిఫ్టు వాళ్లు పోయి రెండో షిఫ్టు వాళ్లు వచ్చే మధ్యలో సార్ మెట్ల మలుపులో కిటికీ దగ్గర నిలబడి టీ తాగేవాడు. అక్కడికి పోయాను. కూడబలుక్కున్నవాటిలో మొదటిది మరిచిపోయాను.

"సార్, మీతో ఒక మాట."

"ఏంది?"

"కండక్టరుగారి చెయ్యి విషయంలో తప్పు నాదే సార్. మిమ్మల్ని అడగకుండా వేసినాను. ఆయనకు కూడా తప్పయిందని చెప్పుకున్నాను. మీరు నన్ను తిట్టండి, తప్పులేదు. కానీ అందరి ముందర నా చెయ్యి పనికిరాదన్నారు. ఆ రోజు నుంచి ఒక్కరు కూడా నాకు చెయ్యి ఇవ్వడంలేదు. చెయ్యి ఇవ్వకపోతే నేను ఎట్టా నేర్చుకునేది?"

ఆయన టీ గ్లాసు కిటికీ గట్టు మీద పెట్టాడు.

"నేర్పించేదానికి నేనేమన్నా పంతులునా?"

"నాకు మీరే సార్. మీ దగ్గర నేర్చుకోవాలనే ఇక్కడికి వచ్చినాను." అక్కడితో ఆగాల్సింది, కానీ నోట్లోంచి ఇంకోటి వచ్చేసింది. "చేపలు తోమే చెయ్యి మా అమ్మది సార్. దానిని మాత్రం అనబాకండి."

ఆయన నా ముఖంలోకి చూశాడు. ఆ మూడు నెలల్లో మొదటిసారనుకుంటాను. ఏదో అంటాడని ఎదురుచూశాను. కిందనుంచి రెండో షిఫ్టు వాళ్లు ఒకరినొకరు పట్టుకుని మెట్లెక్కుతున్నారు.

"పో. బరువులు చూడు" అన్నాడు.

దాన్ని గెలుపని ఎవరైనా అనుకుంటే పొరపాటు. ఆ తర్వాత రెండు వారాలు ఆయన నాతో మాట్లాడలేదు. పని మాటలు తప్ప ఇంకేమీ లేవు. ఎగతాళి కూడా లేదు. "ఏం పాపా" అనే పలకరింపు పోయింది. నవ్వు వస్తుంది చెప్తే, ఆ పలకరింపు లేకపోవడం కూడా నాకు వెలితిగానే ఉండేది. ఎగతాళి చేసేటప్పుడైనా నేనక్కడ ఉన్నానని ఆయనకు తెలిసేది. మాట్లాడకుండా ఉండాల్సిందేమో, ఉన్నది కూడా పోగొట్టుకున్నానేమో అని రైల్వే గేటు దగ్గర బస్సు ఆగినప్పుడల్లా అనుకునేదాన్ని.

ఎనిమిదో మంచం మీద ఒక అవ్వ ఉండేది. నాయుడుపేట అవతల పల్లె నుంచి మొదటి బస్సుకు ఒక్కతే వచ్చేది, గుడ్డసంచి చంకన పెట్టుకుని. కిడ్నీ జబ్బువాళ్లు నీళ్లు కొలిచి తాగాలి. అవ్వకు ఎప్పుడూ దాహమే. "ఒక్క ఐసు ముక్క ఇయ్యమ్మా, మింగనులే, నోట్లో పెట్టుకుంటా" అని బతిమాలేది. వాళ్ల వీధి బావి నీళ్లు ఎంత తియ్యగా ఉంటాయో, ఎండలో కలుపు తీసి వచ్చి చెంబెడు ఎత్తిపెట్టి తాగేదాన్నని చెప్పేది. ఆమె చెప్తుంటే పక్క మంచాలవాళ్లంతా మాటలాపి వినేవాళ్లు. అందరికీ అదే దాహం.

ఒక రోజు పొద్దున సార్ ఆమె దగ్గరికి వచ్చాడు. ఆమె చెయ్యి చాపింది. ఆయన గ్లవ్స్ వేసుకోబోయి ఆగాడు.

"అవ్వా, ఈ పొద్దు ఆ పిల్ల వేస్తుంది" అన్నాడు.

అవ్వ చటుక్కున చెయ్యి వెనక్కి తీసుకుంది. "నువ్వే గదయ్యా ఇవ్వొద్దని చెప్పింది?"

ట్రే పట్టుకుని నేను ఎక్కడున్నదాన్ని అక్కడే ఉండిపోయాను.

"చెప్పినాను. ఇప్పుడు ఇమ్మని నేనే చెప్తుండాను" అన్నాడాయన, అందరికీ వినపడేంత గట్టిగా.

అవ్వ నన్నూ ఆయన్నూ మార్చి మార్చి చూసింది. తర్వాత చెయ్యి నా వైపు జరిపింది. "నొప్పి పెట్టబాకమ్మా" అంది.

సార్ నా వెనక నిలబడ్డాడు. "కళ్లు మూసుకో" అన్నాడు. మూసుకున్నాను. "కంటితో వెతకబాకు, వేలితో చూడు. యాడ అదురుతుందో యాడ ఆగిందో చూడు. ఆ… ఇంకొంచెం పైకి. తొందరపడబాకు, ఆమె యాడికీ పోదు." ఆ ముసలి చర్మం కింద రక్తం గుడగుడలాడుతూ పోవడం నా వేలికి తెలిసింది. కళ్లు తెరిచి సూది పెట్టాను. గొట్టంలోకి ఎర్రగా వచ్చింది. రెండోది కూడా పెట్టాను.

"అయిపోయిందా?" అంది అవ్వ.

వెనక్కి తిరిగి చూస్తే సార్ అప్పటికే ఏడో మంచం దగ్గరున్నాడు, వాళ్ల కోడలి కాన్పు సంగతి అడుగుతూ. బాగా వేశావని అంటాడేమోనని ఆ రోజంతా చూశాను. బస్సు తప్పిపోయేదాకా ఏదో పని కల్పించుకుని ఉన్నాను. అనలేదు.

ఆ తర్వాత ఎనిమిది నెలలు ఆయన నాకు పని నేర్పాడు. ఒక్కో మంచం అప్పజెప్పాడు. తప్పు చేస్తే మెట్ల మలుపులోకి పిలిచి తిట్టేవాడు, గదిలో మాత్రం అనేవాడు కాదు. అందరికంటే చివర కండక్టరుగారు చెయ్యి ఇచ్చారు. "ఆ రోజు బోర్డు చూసుకోకుండా ఎక్కినావు. ఈ పొద్దు చూసుకుని ఎక్కు" అన్నారు. మంచాలన్నీ నవ్వాయి. సార్ కూడా నవ్వాడు. నా బతుకులో అంత బాగున్న రోజులు చాలా తక్కువ. పొద్దున ఆరింటికి ఆయన ఒకవైపు నుంచి, నేను ఇంకోవైపు నుంచి మొదలుపెట్టేవాళ్లం. మధ్యలో నాలుగో మంచం దగ్గర కలిసేవాళ్లం. చెన్నై బండి కిటికీ అవతల పోయేసరికి ఎనిమిది మిషన్లూ తిరుగుతుండేవి.

సంగం దగ్గర ఇంటికి పోయి రావడానికి వీలుగా ఆయనకు నెల్లూరులో ఉద్యోగం దొరికింది. ఆఖరి రోజు మొదటి షిఫ్టు చేసి, స్టోరు గది తాళాలు నా చేతికిచ్చాడు. "మూడో మిషన్ అలారం ఊరికే కొడుతుంది, బెదరబాకు" అన్నాడు. అంతే. కిటికీలోంచి చూశాను. బ్యాగు భుజానికి తగిలించుకుని, రైలు గేటు ఎత్తేదాకా నిలబడి, దాటిపోయాడు. వెనక్కి తిరుగుతాడేమో అనుకున్నాను.

తర్వాత ఆ మంచాల మీదివాళ్లు ఒకరొకరే పోయారు. ఆ జబ్బు అట్లాంటిదే, మంచం ఖాళీ కాదు, మనిషి మారిపోతాడు. ముందు అవ్వ పోయింది. ఆ రోజు ఆమె రాకపోతే బస్సు తప్పిందేమో అనుకున్నాం. నాకు వెంటనే సార్‌కు చెప్పాలనిపించింది. ఫోన్ చేస్తే నంబరు పనిచేయలేదు. ఆసుపత్రిలో అడిగితే కొత్త నంబరు ఎవరి దగ్గరా లేదు. అట్లా ప్రతిసారీ చెప్పాలనిపించడం, చెప్పలేకపోవడం. నేను ముత్తుకూరు వైపు ఇంకో ఆసుపత్రికి మారాను. ఇప్పుడు నన్నే సీనియర్ అంటారు. ఇక్కడివాళ్లకు ఆ గది తెలియదు.

మొన్న ఎండాకాలం, ఊరికి పోతూ, నెల్లూరు స్టేషన్‌లో బెంచీ మీద ఆయన్ని చూశాను. జుట్టంతా తెల్లబడింది. పోయి ఎదురుగా నిలబడ్డాను. ముందు గుర్తుపట్టలేదు. పేరు చెప్తే, "ఓర్నీ, పులికాట్ పిల్లా!" అని జరిగి చోటిచ్చాడు. రిటైరయ్యాడట. తిరుపతి నుంచి వచ్చే కూతురి కోసం చూస్తున్నాడట. నా బండికి ఇంకా అరగంట ఉంది.

"ఒకటో మంచం?" అన్నాడు, ఉన్నట్టుండి.

"పోయినాడు సార్. మీరు పోయిన ఏడాదికే."

"రెండు?"

"పోయినాడు."

"కండక్టరు?"

"ఉండారు సార్! వాళ్లావిడ కిడ్నీ ఇచ్చింది. ఇప్పుడు చెంబెడు నీళ్లు తాగుతుండారు."

ఆయన పెద్దగా నవ్వాడు. నవ్వుతూనే కండువాతో కళ్లు తుడుచుకున్నాడు. ఎనిమిది మంచాలూ అయ్యేదాకా అడిగాడు. ఎవరు ఏ చెయ్యి ఇచ్చేవాళ్లో, ఎవరికి కుడివైపు పడుకుంటే కాలు పట్టేసేదో, అన్నీ ఇద్దరం చెప్పుకున్నాం. అవ్వ సంగతి చెప్తే, ఆమె బావి నీళ్ల మాట ఎత్తాడు. ఆ మనుషుల గురించి ఇట్లా మాట్లాడుకోవడానికి నాకు లోకంలో ఆయన ఒక్కడే ఉన్నాడని అప్పుడు తెలిసింది. బహుశా ఆయనకూ నేనొక్కదాన్నే.

"ఆ పొద్దు నువ్వు మెట్ల కాడికి వచ్చి మాట్లాడినావే," అన్నాడు పట్టాల వైపు చూస్తూ, "ఆదివారం ఇంటికి పోయి మా ఆవిడతో చెప్పినాను. ఎంత పొగరో చూడమని చెప్పినాను. ఆమె నన్నే తిట్టింది. అన్నం గిన్నె ముందర పెట్టి పక్క గదిలోకి పోయింది, వడ్డించను కూడా లేదు. రెండు ఆదివారాలు అట్టనే."

"మేడమ్ బాగుండారా సార్?" అన్నాను.

"ఉంది. మోకాళ్లు నొప్పులు."

నా బండి వచ్చేసింది. ఆయన లేచి నా బ్యాగు అందుకుని పెట్టె దాకా వచ్చాడు. కొత్త నంబరు చెప్పాడు, నేను ఫోన్‌లో ఎక్కించుకున్నాను. ఇంకా చాలా చెప్పాల్సి ఉంది. నేను నేర్పుతున్నవాళ్లను కళ్లు మూసుకోమంటానని చెప్పాల్సి ఉంది, అమ్మ ఆయన్ని ఒకసారి చూడాలని అంటూ ఉంటుందని చెప్పాల్సి ఉంది. బండి కదిలింది. ఆయన ప్లాట్‌ఫాం మీద రెండడుగులు వేసి, ఆగి, ఆ బెంచీ వైపే నడిచాడు.

దిగిపోయి ఇంకో గంట అక్కడ కూర్చోవాలనిపించింది. పక్కన కూర్చున్నావిడ ఏ ఊరమ్మా, ఏం పనమ్మా అని అడుగుతూ ఉంది. గూడూరు దాటేదాకా ఆమెకు ఏం జవాబు చెప్పానో నాకు గుర్తులేదు.